ఒక్క వాక్యాన్ని అచ్చు వేయడానికి సాయపడ్డ అందరికీ

"తలుపు గడియ పెట్టావా?"

మతిమరుపు ముదిరాక అమ్మ దగ్గర మిగిలిన కొద్ది మాటల్లో ఇదొకటి. రోజుకు ఎన్నిసార్లు అడిగేదో లెక్కలేదు. ఆ ప్రశ్నతో ఒక అక్షర చిత్రం చేయాలని ఏడాదిగా తిరుగుతున్నాను. నిన్న రాత్రి చివరి కాగితం ఆరబెట్టాను. మీరంతా లేకపోతే ఇది నా నోట్‌బుక్‌లోనే ఉండిపోయేది.

మొదట నా దగ్గర పన్నెండు వాక్యాలుండేవి. అమెరికన్ కళాకారిణి జెన్నీ హోల్జర్ 1970ల చివర్లో న్యూయార్క్ గోడలకు అంటించిన పోస్టర్లలో వాక్యాలు వరసగా, జాబితాలా ఉంటాయి. నాకూ ఆ దారే కుదురుతుందనుకున్నాను. నా చిత్తుప్రతి చూసి అక్క ఒకటే అడిగింది: "ఇందులో ఏది చదివితే నీకు గొంతు పూడుకుపోతుంది? అదొక్కటే ఉంచు." రెండు రోజులు కోపం వచ్చింది. కానీ అక్కా, నువ్వన్నదే నిజం. హోల్జర్ వాక్యాలు దారిన పోయే అందరివీ. అమ్మ ప్రశ్న నా ఒక్కదాని కోసం.

వాక్యం కొద్దికొద్దిగా మాసిపోవాలన్నది ఆలోచన. కంప్యూటర్‌లో రంగు తగ్గిస్తూ ప్రింట్లు తీస్తే ఏదో ప్రకటనలా ఉంది. స్క్రీన్ ప్రింటింగ్ బాగానే వచ్చింది గానీ మనసు ఒప్పలేదు. ఎందుకో నాకే తెలియలేదు. మాస్టారు ఆ షీట్లు వేలితో తడిమి, "సిరా అయిపోయాక ఇక్కడ ఏం మిగలాలి?" అన్నారు. అప్పుడు తెలిసింది. స్క్రీన్‌లో సిరా కాగితం పైన కూర్చుంటుంది, అంతే. లెటర్‌ప్రెస్ అయితే, అంటే ఉబ్బెత్తు అక్షరాలకు సిరా పూసి కాగితాన్ని ఒత్తే పాత అచ్చు పద్ధతిలో, అక్షరం కాగితంలోకి దిగుతుంది. సిరా లేకపోయినా గుంట ఉంటుంది. అమ్మ ప్రశ్న కూడా నాలో అలాగే ఉంది.

"అయితే సిరా ఒక్కసారే పూయండి. మళ్ళీ పూయకుండా కాగితం మీద కాగితం తీస్తూ పోండి" అన్నారు. అంతకంటే మంచి సలహా నాకెవరూ ఇవ్వలేదు.

ముందు లినోలియం అనే మెత్తటి షీటు మీద అక్షరాలు తిరగేసి చెక్కాను. 'ట్టా' కింద ఒత్తు మూడుసార్లు విరిగింది. పైగా నాకు కావలసింది అమ్మ చేతిరాత. పాత ఉత్తరాల్లోంచి అక్షరాలు ఏరి, స్కాన్ చేసి, నెగటివ్ ఫిల్మ్ చేసిచ్చింది తమ్ముడు. దాంతో ఫోటోపాలిమర్ ప్లేటు చేశాం. ఇదొక రకం ప్లాస్టిక్. అతినీలలోహిత కాంతి తగిలినచోట గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్ళతో కడిగితే పోతుంది. అమ్మ కలం ఒత్తిన చోట లావుగా, తేలిన చోట సన్నగా, గీత గీతా నిలిచింది. ఆ ప్లేటు చేతిలో పెట్టినప్పుడు నాకు మాట రాలేదు తమ్ముడూ, అప్పుడు చెప్పలేకపోయిన థ్యాంక్స్ ఇప్పుడు తీసుకో.

నీటి సిరా మూడో కాగితానికే ప్లేటు మీద ఎండిపోయింది. నూనె సిరాకు మారాక తొమ్మిది కాగితాలు వచ్చాయి. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాటన్ కాగితం, గుంట లోతుగా పడేలా దాని వెనక మెత్తటి పొరలు. "మా రోజుల్లో కాగితం వెనక్కి గుంట కనబడితే తిట్లు పడేవి. అక్షరం తాకీ తాకనట్టు పడాలనేవాళ్ళు" అంటూనే, ఆ గుంట కోసమే నాతోపాటు రాత్రి దాకా నిలబడ్డారు మాస్టారు. ఆ వయసులో అంతసేపు. నేను మరిచిపోలేను.

ఏడో కాగితంలో 'గడియ' ఒక్కటే చదవొచ్చు. తొమ్మిదో కాగితం తెల్లగా ఉంటుంది. ఎదురు లైటు వేస్తే ఏమీ కనబడదని టెన్షన్ పడుతుంటే, పక్కనుంచి, బాగా కింది నుంచి లైటు వేయమన్న స్నేహితురాలికి కూడా నమస్కారం. వేయగానే వాక్యమంతా నీడల్లో లేచింది.

మొదటి ఎనిమిది కాగితాలకు అద్దాలు బిగిస్తున్నాను. తొమ్మిదోదానికి బిగించను. మాస్టారూ, దాన్ని మొదట వేలితో చదవాల్సింది మీరే.