నికుంభ్ సార్‌కి ఉన్నవి మాకూ ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పదిహేడేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్నాను. ఎన్నో ట్రైనింగులకు వెళ్లొచ్చాను. ఏదో ఒక పూట ప్రొజెక్టర్ పెట్టి 'తారే జమీన్ పర్' ముక్కలు వేస్తారు. చివర్లో "మీరంతా ఇలా ఉండాలి" అంటారు. మేం కళ్లు తుడుచుకుని, టీఏ ఫారం మీద సంతకం పెట్టి బస్సెక్కుతాం.

2007లో వచ్చిన ఆ సినిమా మీరూ చూసే ఉంటారు. చివరి బొమ్మల పోటీ దగ్గర అందరికీ ఏడుపొస్తుంది. నా మనసు మాత్రం నోట్‌బుక్కుల దగ్గరే ఆగిపోతుంది. అందులో నికుంభ్ మాస్టారు, చదవలేక తంటాలు పడే ఇషాన్ అనే పిల్లవాడి పాత పుస్తకాలు తిరగేసి, ఒకే రకం తప్పులు మళ్లీ మళ్లీ దొర్లుతున్నాయని పట్టేస్తాడు. ఎందుకంటే చిన్నప్పుడు ఆయనా అదే ఇబ్బంది పడ్డాడు. నేను పడలేదు. డిస్లెక్సియా, అంటే చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లవాడి నోట్‌బుక్ ఎలా ఉంటుందో నాకెవరూ చూపించలేదు.

కొన్నేళ్ల కిందట నా నాలుగో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. చదివే వంతు రాగానే పెన్సిల్ కింద పడిపోయేది, లేదా దాహం వేసేది. పాఠం గడగడా అప్పజెప్పేవాడు, సరిగ్గా పేజీ తిప్పాల్సిన చోటే తిప్పేవాడు కూడా. ఒకరోజు పుస్తకం తలకిందులుగా ఉందని చూశాను. విని బట్టీ పట్టాడన్నమాట! "పడవ" రాయమంటే "వడప" అని రాసేవాడు, ఒత్తులు ఒక్కటీ పడేవి కావు. పొగరనుకుని చెవి మెలిపెట్టాను. ఇప్పుడు వాడు బైక్ మెకానిక్. కనిపిస్తే "టీచర్, బావున్నారా" అంటాడు. మొన్న బ్యాంకు ఫారం నా చేత నింపించుకున్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సార్, చట్టం మా వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాన్నీ అందులో చేర్చింది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఆ గుర్తించాల్సింది మేమే. ఎలాగో మాత్రం ఎవరూ నేర్పరు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాళ్లకు నేర్పే ఐఈఆర్పీలున్నారు, కానీ మా మండలంలో వాళ్ల చేతినిండా పనే. నడవలేని బిడ్డ అందరికీ కనిపిస్తుంది, చదవలేని బిడ్డ "మొండి" కింద జమ.

ఇంకో మాట. ఆ సినిమా హీరో డ్రాయింగ్ టీచర్, అదీ తాత్కాలికం. విద్యాహక్కు చట్టం ప్రకారం వందమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలకే పార్ట్‌టైమ్ ఆర్ట్ టీచర్. మా ప్రాథమిక బడికి అదీ లేదు. బొమ్మలు కూడా నేనే నేర్పాలి, ఆన్‌లైన్ హాజరుకీ గుడ్ల లెక్కకీ మధ్య. నేను వేసే ఆవు మేకలా ఉంటుంది.

నికుంభ్ ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి, ఇషాన్‌కి కొన్నాళ్లు పరీక్షలు నోటితో పెట్టనివ్వమని అడుగుతాడు. ఆయన ఒప్పుకుంటాడు. కథ అక్కడే మలుపు తిరుగుతుందని నా అభిప్రాయం. మాకు ఆ "సరే" అనేవారు లేరు. రాతలో మార్కులు లేకపోతే తనిఖీకి వచ్చినవాళ్లు నన్నే అడుగుతారు. అందుకే మూడు నుంచి అయిదో తరగతి వరకు, అక్షరాలతో తంటాలు పడే పిల్లలకు భాష తప్ప మిగతా పరీక్షలు నోటితో పెట్టొచ్చని ఒక ఉత్తర్వు ఇవ్వండి. సినిమా వేసే ఆ పూటలో అసలు నోట్‌బుక్కులు తెచ్చి, ఏది అజాగ్రత్తో ఏది ఇబ్బందో మాకు చూపించే మనిషిని పంపండి.

ఈ ఏడాది నా మూడో తరగతిలో ఒక పాప ఉంది. చదవమనగానే నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంటుంది. వచ్చే పరీక్షలో ఆ పాప చేత ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) నోటితోనే చెప్పించుకుంటాను. ఎవరైనా అడిగితే చూపించడానికి మీ ఉత్తర్వు నంబరు ఒకటి ఉంటే బాగుండు.

ఇట్లు,
ఒక ఎస్జీటీ