భూసార కార్డులో కాడ్మియం, సీసం ఎందుకు లేవు?

సంపాదకులకు నమస్కారం.

మూసీ ప్రక్షాళన వార్తలన్నీ హైదరాబాద్‌లో నది ఒడ్డు గురించే వస్తున్నాయి. ఆ నీళ్లు పారే మా మడుల గురించి కూడా రాయండి.

మాది వలిగొండ మండలం, మూసీ కాలువ కింద వరి. మా అత్తగారి ఊళ్లో చెరువు కింద మడిలో నాట్లయిన కొన్నాళ్లకు నాచు తేలుతుంది. చేత్తో తీస్తే జిగురు ముద్దలుగా వస్తుంది, ఎండితే పెచ్చులు లేస్తుంది. మా మడిలో నురగ పక్కన నల్లటి పల్చని పొర తప్ప అలాంటి ముద్దలు కనబడవు.

ఆ ముద్దల్లో నాస్టాక్, అనబీనా లాంటి నీలి ఆకుపచ్చ నాచు ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి వరికి ఇస్తుంది. శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే ఈ సంగతి తేల్చారు. ఎకరాకు 4 కిలోల నాచు చల్లితే 10 కిలోల దాకా నత్రజని కలిసొస్తుందని వ్యవసాయ అధికారులే చెబుతారు. అంటే దాదాపు అరబస్తా యూరియా! యూరియా కోసం చెప్పులు క్యూలో పెట్టే మాకు అది చిన్న విషయం కాదు.

మూసీ మురుగుతో మట్టిలో కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ లాంటి లోహాలు ఎక్కువైతే నాచులో నత్రజని పట్టే ఎంజైమే దెబ్బతింటుంది. రాగి కొంచెమైతే నాచుకు పోషకం, మోతాదు దాటితే విషం. చెరువుల్లో నాచు చంపడానికి రాగి ఉన్న మైలుతుత్తం వేసేది అందుకే. పచ్చగా ఏదో కనబడిందని ధీమా పడటానికీ లేదు. లోహాలకు తట్టుకుని మిగిలేవాటిలో నత్రజని పట్టని రకాలూ ఉంటాయి.

మురుగు నీళ్లలోనే నత్రజని ఉంది కదా, నాచెందుకు అంటారు కొందరు. నిజమే, ఇప్పుడు ఉంది. రేపు శుద్ధి చేసిన నీళ్లు వదిలితే అది తగ్గిపోతుంది. మట్టిలో పేరుకున్న కాడ్మియం మాత్రం అక్కడే ఉంటుంది.

మా మడిలో నాచు పోయింది లోహాల వల్లేనా? పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ప్రభుత్వం మట్టి పరీక్ష చేసి ఇచ్చే భూసార కార్డులో 12 అంశాలున్నాయి. రాగి, జింకు ఉన్నా అవి లోపం చూడటానికే. పైన చెప్పిన మిగతా నాలుగు లోహాలు అసలు లేవు. మూసీ నీళ్లొచ్చే పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డి కాలువల ఆయకట్టులో మొదట్లోనూ చివర్లోనూ మట్టి, నాచు నమూనాలు తీసి ఆ నాలుగూ చూడాలి. వచ్చే నాట్లకు ముందే ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి.

– ఒక వరి రైతు, వలిగొండ మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా