ల్యాబుకూ ఫ్యాక్టరీకీ మధ్య లేని ఆ ఒక్క ట్యాంకు గురించి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొక్కల నుంచి, సూక్ష్మజీవుల నుంచి పరిశ్రమలకూ పొలాలకూ పనికొచ్చే సరుకులు తయారుచేసే రంగం మాది. ఈ రంగానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చినప్పుడల్లా అది ఎక్కువగా రెండు చోట్లకు వెళుతుంది. ఒకటి ల్యాబ్. రెండోది, ఫ్యాక్టరీ పెడతామని వచ్చే పెద్ద కంపెనీకి ఇచ్చే రాయితీ. ఆ రెండింటి నడుమ, సూక్ష్మజీవులను పెంచి చూసే వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి ఉండాలి. దాన్ని కట్టేవాళ్లు లేరు. ఈ ఉత్తరం ఆ ట్యాంకు గురించే.

నేను ఇరవై ఏళ్లుగా ఫెర్మెంటేషన్ పనిలో, అంటే ఫెర్మెంటర్ అనే ట్యాంకుల్లో సూక్ష్మజీవులను పెంచి సరుకు తీసే పనిలో ఉన్నాను. కొన్నేళ్ల క్రితం మా బృందానికి కుళ్లుతున్న ఆకుల కుప్పలో ఒక బ్యాసిల్లస్ బ్యాక్టీరియా దొరికింది. అది జైలనేజ్ అనే ఎంజైమ్‌ను బాగా తయారుచేస్తుంది. కాగితపు గుజ్జును తెల్లబరిచే ముందు ఈ ఎంజైమ్ కలిపితే క్లోరిన్ రసాయనాల వాడకం తగ్గుతుంది, మిల్లు బయటికి వదిలే నీటిలో విషమూ ఆ మేరకు తగ్గుతుంది. ఫ్లాస్కులో వచ్చిన ఫలితాలు చూసి ఆ రోజు మాలో ఎవరికీ ఇంటికి వెళ్లాలనిపించలేదు. ఐదు లీటర్ల ఫెర్మెంటర్‌లో కూడా బాగానే వచ్చింది. అప్పుడు వెయ్యి లీటర్లలో చేసి చూపించమన్నారు మిల్లువాళ్లు. న్యాయమైన మాటే. పావుకిలో గుజ్జు మీద పనిచేసిందంటే ఏ మిల్లు నమ్ముతుంది?

అంత ఫెర్మెంటర్ మా దగ్గర లేదు. ఒక ప్రైవేటు ఫ్యాక్టరీని బతిమాలి, వాళ్ల ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు రెండు బ్యాచ్‌లకు అద్దెకు తీసుకున్నాం. మొదటి బ్యాచ్‌లో పన్నెండో గంటకే ఆక్సిజన్ పడిపోయింది, నురగ పొంగి గాలి బయటికెళ్లే ఫిల్టర్ తడిసిపోయింది. రెండోదానిలో ఏదో వాల్వు దగ్గర బయటి బ్యాక్టీరియా చొరబడింది. మూడోసారి ట్యాంకు దొరకలేదు. ప్రాజెక్టు గడువు అయిపోయింది, ఫైలు మూసేశారు. మా బ్యాక్టీరియాలో లోపమేమీ లేదు. ఇంకో ఏడెనిమిది బ్యాచ్‌లు చెడగొట్టుకుని నేర్చుకునే చోటు మాకు లేదు, అంతే.

ఫ్లాస్కులో పెరిగింది ట్యాంకులో ఎందుకు పెరగదని మీ అధికారులు అడుగుతారు. ఆక్సిజన్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములే. ఫ్లాస్కును ఊపితే పలచటి ద్రవానికి గాలి సులువుగా తగులుతుంది. ట్యాంకు పెద్దదయ్యే కొద్దీ లోపలి ద్రవం పెరిగినంతగా దాని చుట్టూ ఉన్న గోడ పెరగదు. పొడవు, వెడల్పు, ఎత్తు పదింతలైతే గోడ వందింతలవుతుంది, ద్రవం వెయ్యింతలవుతుంది. కోట్లాది జీవులు తింటూ పెరుగుతూ పుట్టించే వేడి ఆ గోడ గుండానే బయటికి పోవాలి. పోకపోతే అవి తమ వేడికి తామే చస్తాయి. ఇక కల్తీ సంగతి. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే పరాయి బ్యాక్టీరియా ఒక్కటి లోపలికి దూరినా, ఆహారం అందుతున్నంతసేపు పది గంటల్లో అది వంద కోట్లు దాటుతుంది. ఇవన్నీ దాటాక కూడా, నీళ్లలోంచి అసలు సరుకును వేరుచేసి శుద్ధి చేయడానికే చాలాసార్లు సగానికి పైగా ఖర్చవుతుంది. ఈ లెక్కల్లో కొంతే కాగితం మీద తేలుతుంది. మిగతాది ట్యాంకు పక్కన నిలబడితేనే తెలుస్తుంది.

ఈ పని ప్రభుత్వాలది కాదనేవాళ్లకు నేను పియోరియా గురించి చెబుతుంటాను. పంట మిగులుకు కొత్త ఉపయోగాలు వెతకడానికి అమెరికా వ్యవసాయ శాఖ ఇలినాయ్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఒక పరిశోధనాశాల పెట్టింది. 1941లో ఆక్స్‌ఫర్డ్ నుంచి శాస్త్రవేత్తలు హోవర్డ్ ఫ్లోరీ, నార్మన్ హీట్లీ పెన్సిలిన్ మందునిచ్చే బూజు పట్టుకుని అక్కడికి వెళ్లారు. అప్పటికి వాళ్లు దాన్ని లోతు తక్కువ పాత్రల్లో, ద్రవం పైపైన పెంచేవారు. వచ్చే మందు చాలా కొంచెం. పియోరియాలో, మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీసేటప్పుడు మిగిలే నానుడు నీళ్లు కలిపితే దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. దాదాపు పారబోసే సరుకు అది! లోతైన ట్యాంకుల్లో పెంచే పద్ధతిని కూడా అక్కడ మెరుగుపరిచారు. 1943లో ఆ ఊళ్లోనే కుళ్లిన ఒక కర్బూజా పండు మీద ఇంకా బాగా పనిచేసే బూజు దొరికింది. మందుల కంపెనీలు ఆ తోవలోనే నడిచాయి. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో దిగిన సైనికులకు సరిపడా పెన్సిలిన్ అందింది. పంట వ్యర్థం, బూజుల బ్యాంకు, ట్యాంకు, వాటిని నడిపే మనుషులు ఒకే కప్పు కింద ఉండటం వల్ల సాధ్యమైన పని ఇది.

మొక్కల వైపు ఇబ్బంది వేరు. చొప్ప, గడ్డి, పిప్పిలో చక్కెరలు పుష్కలంగా ఉన్నా, లిగ్నిన్ అనే గట్టి పదార్థం వాటిని పట్టుకుని వదలదు. డ్యూపాంట్ కంపెనీ మొక్కజొన్న చొప్ప నుంచి ఇథనాల్ తీయడానికి అయోవాలో 2015లో భారీ ఫ్యాక్టరీ తెరిచి, రెండేళ్లకే అమ్మకానికి పెట్టింది. పొలం నుంచి వచ్చే చొప్పలో మట్టి, ఇసుక, తేమ ఉంటాయి. అవి యంత్రాలను ఎలా అరగదీస్తాయో ల్యాబ్‌లో శుభ్రంగా కడిగిన పొడితో చేసే ప్రయోగం చెప్పదు. చిన్న ప్లాంటులో మురికి చొప్పతోనే ఏడాదిపాటు నడిపి చూడాలి.

జీవన ఎరువుల విషయంలో నా బాధ ఇంకా ఎక్కువ. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియాను పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోంచి శాస్త్రవేత్త బైయరింక్ వేరుచేసింది 1888లో. దాన్ని సరుకుగా అమ్మడానికి జర్మనీ శాస్త్రవేత్తలు నోబె, హిల్ట్‌నర్ 1896 నాటికే పేటెంట్ తెచ్చుకున్నారు. నత్రజని ఎరువు కోసం ఫ్యాక్టరీలో 400 డిగ్రీలకు మించిన వేడి, వంద రెట్లకు పైగా వాతావరణ పీడనం పెట్టి చేసే పనిని రైజోబియం మామూలు మట్టి వేడిలో చేస్తుంది. బ్రెజిల్‌లో యోహానా డోబెరైనర్ వంటి శాస్త్రవేత్తల కృషి వల్ల అక్కడి సోయా రైతులు నత్రజని కోసం ప్రధానంగా బ్యాక్టీరియా మీదే ఆధారపడుతున్నారు. కానీ ఇది ప్రాణమున్న సరుకు. గోదాములో వేడికి చచ్చిపోయిన ప్యాకెట్టు చూడటానికి బతికున్న ప్యాకెట్టులాగే ఉంటుంది. ఒకసారి చచ్చిన ప్యాకెట్టు కొన్న రైతు రెండోసారి ఆ వైపు చూడడు. ఆయన్ని తప్పుపట్టలేం. తయారైన చోట కాదు, అమ్మే చోట శాంపిల్ తీసి బతికున్న కణాలను లెక్కపెట్టే ఏర్పాటు కావాలి. లెక్క తప్పిన బ్యాచ్ వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి.

అలాగే ఒక హెచ్చరిక. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్‌ను మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క నుంచి తీస్తారు. దాని మూలపదార్థాన్ని ఈస్ట్‌తో తయారుచేయించడం గొప్ప విజయమే. సనోఫీ అనే మందుల కంపెనీ 2013లో ఆ పద్ధతిలో పెద్ద ఎత్తున ఉత్పత్తి మొదలుపెట్టింది. కానీ మొక్క నుంచి తీసిన మందు ధర పడిపోవడంతో అది లాభసాటి కాలేదు. ఈస్ట్ గెలిచి ఉంటే ఆ మొక్కను పండించే రైతులు నష్టపోయేవారు. కొత్త సరుకు ఎవరి పంటకు పోటీ వస్తుందో ముందే లెక్కవేసి, ఆ రైతులతో మాట్లాడాకే అడుగు వేయండి.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. వంద, వెయ్యి, పదివేల లీటర్ల ఫెర్మెంటర్లు, శుద్ధి చేసే యంత్రాలు, పక్కనే సూక్ష్మజీవుల బ్యాంకు ఉన్న ఒక ప్రభుత్వ పైలట్ ప్లాంట్, అంటే ఫ్యాక్టరీకి ముందు నడిపి చూసుకునే చిన్న ప్లాంటు కావాలి. విద్యార్థి బృందమైనా, రైతు సంఘమైనా, చిన్న కంపెనీ అయినా వరుసలో పేరు రాయించుకుని ట్యాంకు తీసుకోగలగాలి. ఒక్కో ప్రాజెక్టుకు కనీసం పది బ్యాచ్‌లు ఇవ్వాలి. చెడిపోయిన బ్యాచ్‌ల రికార్డులు కూడా దాచి, తర్వాత వచ్చేవాళ్లకు చూపించాలి. అన్నిటికంటే ముందు, రాత్రి షిఫ్టులో ట్యాంకు కాసే ఆపరేటర్లకు పర్మినెంటు ఉద్యోగాలు ఇవ్వండి. నురగ వాసన చూసి బ్యాచ్ చెడిందని చెప్పగల మనిషి ఆరు నెలల కాంట్రాక్టులో తయారవడు.

మా బ్యాసిల్లస్ ఇంకా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో చిన్న సీసాల్లో ఉంది. మీ ప్లాంటు తలుపు తెరిచిన రోజున ఒక సీసా తీసుకుని వరుసలో నిలబడతాను.

ఇట్లు,
ఒక ఫెర్మెంటేషన్ ఇంజినీర్