మద్రాసుకు వెళ్తున్న రాఘవకి

ఒరేయ్ రాఘవా,

మద్రాసు పాత కట్టడాలకి శుక్రవారం మాత్రం పెట్టుకోకు. సెయింట్ జార్జి కోట మ్యూజియానికి ఆ రోజు సెలవు. కోటలోనే సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ తప్పదు, గుర్తింపు కార్డు జేబులో ఉంచుకో.

పొద్దున్నే సెంట్రల్ మెట్రోలో దిగు. రిప్పన్ భవనం, విక్టోరియా హాలు పక్కపక్కనే. 1913 నాటి రిప్పన్ భవనం ఇప్పటికీ కార్పొరేషన్ ఆఫీసే, లోపల తిరగాలంటే ముందే అనుమతి అడగాలి. ఎండ ముదిరితే ఆ తెల్లదనానికి కళ్లు చెదురుతాయి, ఫొటోలు ముందే తీసెయ్. ఎర్ర ఇటుకల విక్టోరియా హాలు మాత్రం మనవాళ్లు చూసి తీరాలి. 1883లో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం రాజా ఆనంద గజపతి!

హైకోర్టు తూర్పు ప్రహరీ దగ్గర ఎమ్డెన్ ఫలకం వెతుక్కో. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ పేరున్న జర్మన్ యుద్ధనౌక ఊరి మీద ఫిరంగి గుండ్లు కురిపించింది. నడిచేవాళ్లు ఆ ఫలకాన్ని చూడకుండానే దాటిపోతుంటారు. బీచి రోడ్డు మొదట్లో ఉన్న యుద్ధ స్మారకం మొదటి ప్రపంచయుద్ధానిది. తర్వాతి యుద్ధాలను కూడా దాని మీదే చేర్చుకుంటూ పోయారు. పావుగంట చాలు.

మిగిలిన టైమంతా నందంబాక్కం యుద్ధ శ్మశానానికే ఇవ్వు. ఆలందూరులో మెట్రో దిగి ఆటో ఎక్కు. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి సమాధులు 856. వెనకవైపున్న 1914-1918 స్మారకం సంగతి వేరు. దాని కింద ఎవరూ లేరు. ఎక్కడెక్కడి శ్మశానాల్లోనో పూడ్చిన వెయ్యిమందికి పైగా సైనికుల పేర్లను ఒకచోట చెక్కారంతే. ఇలాంటి స్మారకాల మీద పేర్లు సాధారణంగా ముందు రెజిమెంటు, తర్వాత హోదా, ఆపైన అక్షరక్రమంలో ఉంటాయి. నేరుగా అక్షరక్రమంలో వెతికితే దొరకదు, పేరు లేదనుకుని వచ్చేస్తావు. ఫలానా వాళ్ల సమాధి చూడాలంటే, ఈ శ్మశానాల్ని చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ముందే చూసి నంబరు రాసుకెళ్లు. మొదటి అంకె ప్లాటు, అక్షరం వరస, చివరి అంకె సమాధి. మన సిపాయిల పేర్లకి ఇంగ్లీషు స్పెల్లింగు నానారకాలుగా ఉంటుంది, సర్వీసు నంబరు తెలిస్తే దాన్నే నమ్ము.

సమాధి ఫలకం మీద బ్యాడ్జి, నంబరు, హోదా, పేరు, యూనిట్, తేదీ, వయసు కనిపిస్తాయి. అడుగున ఒక వాక్యం ఉంటే అది ఇంటివాళ్లు రాయించింది, తొందరపడకుండా చదువు.

అక్షరాలు అరిగిపోయి ఉంటే సెల్ టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకి ఆనించినట్టు వెయ్యి. గాట్లలో నీడ పడి లేచి కనిపిస్తాయి. సుద్దముక్క రుద్దే పని మాత్రం చెయ్యకు, పొడి రాతి రంధ్రాల్లోకి దిగిపోతే పోదు.

నీ
సత్యం