అప్పకి, నాన్న స్కాన్ సంగతి

మాంచెస్టర్

అప్పా,

అమ్మ పక్కనుంటే ఫోన్లో నువ్వేమీ అడగలేవు, అందుకే రాస్తున్నాను. బావకీ చూపించు.

నాన్న సీటీ రిపోర్టు చదివాను. నా ఉద్యోగం స్కానింగ్ విభాగంలోనే కదా, ఇలాంటివి చూస్తూనే ఉంటాను. పేగుల్లోంచి వచ్చే రక్తం లివర్‌లోకి వెళ్లి శుభ్రపడాలి. నాన్నకి లివర్ గట్టిపడి ఒత్తిడి పెరగడంతో, ఆ రక్తం ప్లీహం పక్కనుంచి ఎడమ కిడ్నీ సిరలోకి దొడ్డిదారి పట్టింది. స్ప్లీనోరీనల్ షంట్ అని రాసింది దాన్నే. లివర్ తీసెయ్యాల్సిన అమోనియా అనే విషపదార్థం వడపోత లేకుండా మెదడుకి చేరుతోంది. పగలంతా కునుకు, రాత్రంతా జాగారం, చేతులు చాపితే టపటపా కొట్టుకోవడం, అన్నీ దానివల్లే. నువ్వు పంపిన కొట్టు ఖాతా ఫొటోలో దసరా ముందు పేజీ ముత్యాల్లా ఉంది. తర్వాతి పేజీలో అంకెలు గీత దిగిపోయాయి, ఒకే బాకీ రెండుసార్లు ఎక్కింది. ఇది వయసు మరుపయితే లాక్టులోజ్‌తో, అదే ఆ విరేచనం మందుతో, కడుపు ఖాళీ అయిన మర్నాడే మనిషి తేరుకోడు. మద్యం ముట్టని మనిషికి లివర్ జబ్బేమిటని పర్లాకిమిడిలో ఎవరైనా గుసగుసలాడితే, షుగరూ ఫ్యాటీ లివరూ చాలని చెప్పు.

మందులు వాడుతున్నా మళ్లీ మళ్లీ మగత వస్తోంది కాబట్టి డాక్టరు షంట్ మూసేద్దామంటున్నారు. నేనైతే సరేనంటాను. తొడ దగ్గర సిరలోంచి సన్న గొట్టం పంపి, కిడ్నీ సిర మీదుగా అక్కడికి చేరి, బెలూన్‌తో అడ్డుకట్టి మందు నింపుతారు, లేదా ప్లగ్ బిగిస్తారు. పొట్ట కోయరు. బీఆర్‌టీఓ అంటారు. పొట్టలో ఉబ్బిన సిరల కోసం 1990లలో జపాన్‌లో మొదలైన పద్ధతి.

అందరికీ పడదులే. 2013లో యూరప్ డాక్టర్లు ఇలా షంట్ మూసిన 37 మంది వివరాలు ప్రచురించారు. సుమారు సగం మందికి రెండేళ్ల దాకా మగత తిరిగి రాలేదు. లివర్ ఎంత దెబ్బతిందో చెప్పే మెల్డ్ స్కోరు 11 దాటినవాళ్లకే ఎక్కువగా తిరగబెట్టింది. నాన్నది 10. అంచు మీదే ఉన్నాం, అందుకే నానబెట్టొద్దు.

భయం ఒక్కటే. ఆ దారి మూస్తే రక్తమంతా లివర్ మీదికే తోసుకొస్తుంది. అన్నవాహికలో సిరలు ఉబ్బొచ్చు, పొట్టలో నీరు చేరొచ్చు. ముందు ఎండోస్కోపీ చేస్తారా, తర్వాత మళ్లీ ఎప్పుడు చూస్తారు అని బావని గట్టిగా అడగమను.

పాతపట్నం పిన్ని పప్పూ గుడ్లూ మాన్పించమందట కదా. అస్సలు వద్దు. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఉండాల్సిందే, లేకపోతే కండ కరిగిపోతుంది. పప్పు, పెరుగు పెట్టు. పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించు. నిద్ర పట్టలేదని మాత్ర ఇస్తే కొంప మునుగుతుంది. మలబద్ధకం రానివ్వకు, రోజుకి రెండు మూడుసార్లు విరేచనం కావాలి.

విశాఖ ఆసుపత్రికి గుణుపూర్ ప్యాసింజర్ రైల్లో వద్దు, కారు మాట్లాడండి. లాక్టులోజ్ సీసా చేతిసంచిలోనే పెట్టుకో. మన ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బావని ముందే కనుక్కోమను. చెల్లకపోయినా ఆగొద్దు, డబ్బు నేను పంపుతాను.

ఎండోస్కోపీ రిపోర్టు చేతికి రాగానే ఫొటో తీసి పంపు.

నీ తమ్ముడు