బహుమతి సరే, రాసే నెలల సంగతేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

నాటక పరిషత్తుల పోటీలు మొదలయ్యాయంటే మీ జిల్లా పేజీల్లో ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటి అంటూ ఫలితాలన్నీ వివరంగా వేస్తారు, చాలా సంతోషం. నేను ఇరవై ఏళ్లుగా నాటికలు రాస్తున్నాను, పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సల్స్. మన దగ్గర పూర్తయిన నాటికకి షీల్డు ఉంది, పారితోషికం ఉంది. సగం రాసిన నాటికని పట్టించుకునేవాళ్లే లేరు.

పోయినేడాది ఇల్లు అమ్మకం దగ్గర తల్లీకొడుకుల మధ్య వచ్చిన గొడవ మీద ఒక నాటిక రాశాను. స్కూలు గదిలో పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని చదువుకుంటున్నాం. తల్లి వేషం వేసే ఆవిడ వేరే ఊరి నుంచి బస్సులో వచ్చేది. మూడో పేజీ దగ్గర ఆగి, "ఏమండీ, అంత కోపంలో ఉన్న తల్లి ఇంత మాట్లాడదండీ, కంచంలో అన్నం పెట్టేసి లోపలికి వెళ్లిపోతుంది" అంది. పేజీన్నర కొట్టేశాను, ఆ సీనుకి ప్రాణం వచ్చింది. అలా ఇంకో నాలుగు రాత్రులు కూర్చుంటే ముగింపు కూడా కుదిరేదే, కానీ ఆవిడ వచ్చిన ప్రతిసారీ బస్ ఛార్జీ, రోజు డబ్బులు ఇవ్వాలి, ఇవ్వాల్సిందే కూడా, ఆవిడ బతుకుతెరువే అది. మా నాటక సమాజం దగ్గరున్న డబ్బులు సెట్టుకీ మేకప్‌కీ వ్యాన్‌కీ సరిపోతే గొప్ప. ముగింపు బలంగా లేదని తెలిసే పోటీకి వెళ్లాం. ఒక న్యాయనిర్ణేత "చివర తేలిపోయిందండీ" అన్నారు. నిజమే. అదే మాట మూడు నెలల ముందు, దిద్దుకోవడానికి టైమున్నప్పుడు, ఎవరైనా చెప్పుంటే!

కన్యాశుల్కం సంగతే చూడండి. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో ఆనంద గజపతి మహారాజుకి అంకితంగా అచ్చయింది, ఆ తర్వాత గురజాడ మళ్లీ కూర్చుని దాదాపు కొత్తగా రాసి 1909లో అచ్చు వేశారు. మధురవాణి ఇవాళ మనకి తెలిసిన మధురవాణి అయింది ఆ రెండో కూర్పులోనే. మొదటి ప్రదర్శనకే బహుమతి ఇచ్చి పంపేసి ఉంటే ఏమయ్యేదో!

లండన్‌లో రాయల్ కోర్ట్ అనే థియేటర్ 1956 నుంచి కొత్త నాటకాలనే నమ్ముకుని నడుస్తోంది. అక్కడ థియేటర్లు నాటకం రాయమని రచయితతో ఒప్పందం చేసుకుంటే డబ్బు విడతలుగా వస్తుంది: ఒప్పుకున్నప్పుడు కొంత, రాసి ఇచ్చాక కొంత, ఆడతామన్నాక మిగతాది. దాంతో ఇల్లు గడుపుకుంటూ తిరగరాసుకోవచ్చు. ఆ థియేటర్‌కి ప్రభుత్వ సొమ్ము అందుతుంది, అది వేరే సంగతి. కానీ మన దేశంలోనే, ముంబైలో రేజ్ అనే బృందం ఇదే రాయల్ కోర్ట్‌తో కలిసి మన రచయితలకి వర్క్‌షాపులు పెట్టి, అందులో తయారైన నాటకాలని రైటర్స్ బ్లాక్ పేరుతో వేదిక ఎక్కించింది. మనకెందుకు కుదరదు?

1929లోనే తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పెట్టుకున్న వాళ్లం మనం. పరిషత్తుల వాళ్లు పడే శ్రమ నాకు తెలుసు, ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసి, వచ్చిన సమాజాలకి కడుపునిండా భోజనం పెట్టి పంపిస్తారు. వాళ్లని అడిగేది ఒక్కటే. పోటీకి నాలుగు నెలల ముందు రెండో మూడో రాతప్రతులు ఎంచుకోండి. రచయితకి కొంత ముందే ఇవ్వండి. ఒక దర్శకుడినీ, డబ్బులిచ్చి నలుగురు ఆర్టిస్టులనీ మూడు రోజులు కూర్చోబెట్టండి, చివరి రోజు సెట్టూ మేకప్పూ లేకుండా ఊళ్లో వాళ్ల ముందు చదివించండి. మార్కులూ షీల్డులూ వద్దు. సన్మానాలకీ ఫ్లెక్సీలకీ అయ్యే ఖర్చులో కొంత తగ్గిస్తే ఇది జరిగిపోతుంది. షీల్డు మీద పేరు వేయించుకునే దాతలు రాతప్రతి మీద కూడా వేయించుకోవచ్చు కదా. పగలు ఖాళీగా ఉండే కళాక్షేత్రాల్లో ఒక గదిని మున్సిపాలిటీలు అద్దె లేకుండా ఇస్తే ఇంకా మంచిది.

మా సమాజంలో బాగా రాసే కుర్రాడొకడు సినిమా ఆఫీసుకి వెళ్లిపోయాడు. కథా చర్చలకి కూర్చున్నా అక్కడ భోజనం పెట్టి, రోజుకింత అని ఇస్తారట. వాడిని నేను తప్పు పట్టను. వాడి నాటిక రాతప్రతి, సగం వరకు రాసింది, నా బీరువాలోనే ఉంది. దాని మీద మూడు రోజులు పెట్టడానికి ఏ పరిషత్తు ముందుకొచ్చినా వాడికి ఫోన్ చేసి పిలిపిస్తాను.

ఇట్లు,
ఒక నాటిక రచయిత, గుంటూరు జిల్లా