గుంటూరు ఎండల్లో ఎలుకలకు చలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గుంటూరు, విజయవాడ ఎండల్లో ప్రయోగశాల ఎలుకలకు చలేస్తోందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ యానిమల్ హౌస్‌లో ఏసీని 22 డిగ్రీల దగ్గర పెడితే జరిగేది అదే. గౌను, మాస్కు వేసుకున్న మనిషికి అది హాయి. పాతిక ముప్పై గ్రాముల చిట్టెలుకకు మాత్రం సుమారు 30 డిగ్రీలుంటేనే ఒళ్లు వెచ్చబెట్టుకునే శ్రమ తప్పుతుంది. అంతకు తగ్గితే తిన్న తిండిలో మంచి భాగం ఆ వేడికే ఖర్చు. అలాంటి ఎలుక మీద ఊబకాయం మందు పరీక్షిస్తే ఫలితంలో చలి కూడా కలిసే వస్తుంది.

గదిని 30కి పెంచమనడం లేదు. పనివాళ్లు ఉడికిపోతారు, మూత్రం నుంచి వచ్చే అమోనియా ఘాటు పెరుగుతుంది. పైగా తిరిగేటప్పుడు ఎలుకకు చల్లదనం, పడుకునేటప్పుడు వెచ్చదనం కావాలి. రెండూ దొరికేది గూడు ఉంటేనే. ఎలుక దాన్ని అల్లుకోవడానికి కేజ్‌కి 8 నుంచి 10 గ్రాముల పొడవాటి కాగితపు పీలికలు చాలు. వంద కేజ్‌లకైనా కిలోకి మించదు. ఇంకా తక్కువ వేస్తే గిన్నెలా చుట్టుకుంటుందే గానీ పైకప్పు రాదు. అచ్చు లేని కాగితమే వాడాలి. దూది వద్దు, దారాలు ఎలుక పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. అడుగున పరిచే ఊక అల్లికకు లొంగదు. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పీలికలను కుక్కి పెడితే మధ్యకు ఆవిరి చేరదు.

కేజ్ మార్చేటప్పుడు గూటిని కూడా చెత్తలో పారేయడం పెద్ద పొరపాటు. తెలిసిన వాసన పోగానే మగ ఎలుకలు కొట్టుకుంటాయి. పొడిగా ఉన్న పాత గూటిని కొత్త కేజ్‌లోకి మార్చాలి. మూత్రంతో తడిసిన పాత ఊకను మాత్రం కొత్త కేజ్‌లో వేయకూడదు, దాంతో కొట్లాటలు ఇంకా పెరుగుతాయి.

రాత్రి కరెంటు పోయినప్పుడు ఇంకో చిక్కు. గది వేడెక్కితే సగం ఖాళీ అయిన నీళ్ల సీసాలో గాలి వ్యాకోచించి నీటిని బయటికి నెడుతుంది. గూడు తడుస్తుంది. ఏసీ తిరిగి రాగానే ఆ తడిలో ఎలుక గజగజలాడుతుంది. పొద్దున వచ్చినవాళ్లకు థర్మామీటరులో 22 కనిపిస్తుంది, అంతా బాగున్నట్టే! అందుకే ఏసీలకు జనరేటర్ లైను, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు నమోదు చేసే థర్మామీటరు రెండూ ఉండాలి.

తోక పట్టి ఎత్తడం కూడా మానాలి. సుమారు 5 సెంటీమీటర్ల వ్యాసం, 13 సెంటీమీటర్ల పొడవున్న గొట్టంలోకి నడిపించి ఎత్తితే బెదురు బాగా తగ్గుతుంది. పీవీసీ ముక్కయితే ఆటోక్లేవ్‌లో వంకరపోతుంది, క్రిమిసంహారకంతో కడిగి ఆరబెట్టుకోవాలి.

జంతువులపై ప్రయోగాలను నియంత్రించే 1998 నిబంధనల కింద పనిచేసే జంతు నైతిక కమిటీలు కాలేజీల్లో ఉన్నాయి. మీ శాఖ పరిధిలోని కాలేజీల కొనుగోలు జాబితాలో గూటి కాగితాన్ని ఊకతో కలపకుండా విడి పద్దుగా చేర్చమని ఉత్తర్వు ఇవ్వండి. తనిఖీ రిజిస్టరులో ఉదయం గూటి స్థితికి ఒక గడి పెట్టించండి. కాగితం ఉండి కూడా గూడు చదునుగా పడి ఉందంటే ఆ ఎలుకకు నొప్పో జబ్బో ఉండొచ్చు. ఆ కేజ్‌ను అదే రోజు పశువైద్యుడు చూడాలి.

ఇట్లు,
ప్రయోగశాల జంతువుల సంరక్షణ చూసే పశువైద్యులు, ఫార్మకాలజీ అధ్యాపకులు
గుంటూరు, విజయవాడ